పుట్టకొక్కు దొరికిన సాయంత్రం ఏం చేయాలి

ఆరుద్ర కార్తెలో రెండు మంచి వానలు పడి, ఒక రాత్రి ఉరుములు ఉరిమితే చాలు, మా మంచిర్యాల జిల్లాలో తెల్లారేసరికి పుట్టల మీద పుట్టకొక్కులు లేస్తాయి. కోస్తా వైపు పుట్టగొడుగులు అంటారు, మాకు పుట్టకొక్కులే అలవాటు. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. పదేళ్ళకు పైగా వానాకాలం సెలవురోజులన్నీ వీటి వెంట తిరగడానికే పోతున్నాయి. "మేడం, ఇది కొత్త జాతేమో చూడండి" అని ఫోన్లో ఫొటో చూపించే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ళను నేను ఎప్పుడూ నిరుత్సాహపరచను, ఎందుకంటే నిజంగానే కొత్తది కావచ్చు. పుట్టకొక్కులు, బూజులు అన్నీ శిలీంధ్రాలే. భూమి మీద శిలీంధ్ర జాతులు 25 లక్షల దాకా ఉంటాయని ఈమధ్య వేసిన ఒక అంచనా. ఇప్పటిదాకా పేరు పెట్టినవి లక్షన్నరకు కాస్త పైన. మిగతావన్నీ పేరు లేకుండా మన కాళ్ళ కిందే ఉన్నాయి.

అయితే ఫొటో చూసి కొత్తదో పాతదో చెప్పడం ఎవరివల్లా కాదు. కోసిన కొన్ని గంటల్లోనే పుట్టకొక్కు రంగు మారుతుంది, వాసన పోతుంది, కాడ మీది ఉంగరం రాలిపోతుంది, మర్నాటికి పురుగు పడుతుంది. ఆ సాయంత్రం మీరు చూసి రాసుకోనిది తర్వాత ఎంత పెద్ద ల్యాబ్ అయినా చెప్పలేదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఒక్క రోజు గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇది తినడానికి పనికొచ్చే వ్యాసం కాదు. జాతి గుర్తుపట్టడం నేర్చుకుంటున్నవాళ్ళు తాము గుర్తుపట్టినదాన్ని వండుకోకూడదు. హైదరాబాద్ పార్కుల్లో, ఇళ్ళ ముందు పచ్చికలో వానాకాలం తెల్లగా, పెద్దగా వచ్చే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ చూడ్డానికి తినేదానిలాగే ఉంటుంది, తిన్నవాళ్ళకు విపరీతంగా వాంతులవుతాయి. అమానిటా అనే రకం పుట్టకొక్కుల్లో కొన్ని అంతకన్నా ప్రమాదం. తిన్న ఆరు గంటల దాకా, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటినా ఏమీ తెలియదు, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. రుచి చూసి గుర్తుపట్టే పద్ధతి కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని కూడా వదిలేయండి.

అడవిలోకి వెళ్ళే ముందు

మా జన్నారం చుట్టుపక్కల అడవి కవ్వాల్ టైగర్ రిజర్వ్‌లోకి వస్తుంది. అక్కడ ఆకు కోయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. చదువు కోసమే కదా అని ఊరుకోకండి. అనుమతి లేకుండా తెచ్చిన నమూనా మీద రేపు పరిశోధనా పత్రం రాయాలంటే అదే అడ్డం పడుతుంది. కాగితం చేతికొచ్చేదాకా ఊరి పొలిమేర, చెరువుగట్టు, కాలేజీ ఆవరణ, మీ సొంత చేను చాలు. కొత్తవాటికి దట్టమైన అడవే ఉండాలని లేదు.

2014లో లండన్‌లో ఒక కొట్లో కొన్న ఎండు పోర్చీని పుట్టగొడుగుల ప్యాకెట్‌ను అక్కడి క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనం శాస్త్రవేత్తలు బ్రిన్ డెంటింజర్, లారా సూజ్ పరీక్షించారు. చైనా నుంచి వచ్చిన సరుకు అది. ఆ ఒక్క ప్యాకెట్‌లో అప్పటిదాకా శాస్త్రీయ నామం లేని జాతులు మూడు బయటపడ్డాయి. ఎన్నో ఏళ్ళుగా జనం వండుకు తింటున్నవే! అది చదివిన దగ్గర్నుంచి నేను వారపు సంతను కూడా అడవితో సమానంగా చూస్తున్నాను. మోదుగాకుల్లో కుప్పలు పోసి అమ్మే అక్కల దగ్గర కూర్చుని, ఏ ఊరు, ఏ రకం పుట్ట, ఎన్ని రోజులు వస్తాయి అని అడిగి రాసుకుంటాను. వాళ్ళకు తెలిసినదాంట్లో సగం కూడా నాకింకా తెలియదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. వెడల్పాటి వెదురు బుట్ట, బటర్ పేపర్, చాకు, చిన్న గునపం, స్కేలు, పెన్సిలు, నోటుబుక్, చేతిలో పట్టే లెన్సు, ఫోను. పాలిథిన్ కవర్ మాత్రం వద్దు. మొదటి ఏడాది నేను కవర్లో వేసుకుని బస్సెక్కాను. ఇల్లు చేరేసరికి లోపల చెమట పట్టి, అన్నీ కలిసి గంజిలా అయిపోయాయి. ఏది ఎక్కడిదో కూడా తెలియలేదు. బటర్ పేపర్‌ను బొట్లంలా కట్టి, ఒక్కో బొట్లంలో ఒకేచోట దొరికినవి మాత్రమే పెట్టండి. దాని మీద పెన్సిల్‌తో నంబరు వేయండి. ఆ నంబరు మీ జీవితంలో మళ్ళీ ఇంకోదానికి రాకూడదు. ఫొటోకీ, నోటుబుక్‌లో పేజీకీ, ఎండిన నమూనాకీ, స్లైడుకీ, చివరికి డీఎన్ఏ సీక్వెన్సుకీ అదే నంబరు.

చోటు మీద చేయాల్సింది

చెయ్యి వేయకముందే ఫొటో తీయండి. ముందు దూరం నుంచి, చుట్టూ ఏముందో కనిపించేలా. తర్వాత నేలకు పడుకున్నంత కింది నుంచి. ఇప్పుడు అది దేని మీద లేచిందో చూడండి: మట్టి, పేడ, కుళ్ళిన కర్ర, రాలిన ఆకు, పుట్ట. ఆకు మీదైతే ఏ చెట్టు ఆకు? మట్టి మీదైతే చుట్టుపక్కల ఏ చెట్లు? ఈ ప్రశ్న వదలకండి. టేకు చెట్టు వేళ్ళతో జతకట్టేవి మనకు కనబడే పుట్టకొక్కులు కావు. అందుకని మా టేకు అడవిలో ఆకులు కుళ్ళబెట్టే చిన్నచిన్న మెరాస్మియస్‌లు, చెదపుట్టల మీద వచ్చేవి ఎక్కువ. గుగ్గిలం చెట్లున్న అడవికి వెళ్తే దృశ్యం వేరు. ఆ చెట్ల వేళ్ళతో కలిసి బతికే రుస్సులా, లాక్టేరియస్‌లు రంగురంగులుగా కనిపిస్తాయి. శేషాచలంలో జాలారి చెట్లు కూడా గుగ్గిలం కుటుంబానివే. ఆ కొండల దగ్గర ఉన్నవాళ్ళు వాటి కింద తప్పక వెతకాలని నా కోరిక.

తవ్వడం గురించి నాకు పాఠం చెప్పింది మా ఊరి పక్క పశువులు కాసే ఒక తాత. ఒక పుట్ట మీద తెల్లటి పుట్టకొక్కు చూసి సంబరంగా పీకబోతే ఆయన కర్ర అడ్డం పెట్టాడు.

"గట్ల పీకద్దు బిడ్డా. దాని ఏరు పుట్ట కడుపుల ఉంటది. ఇరిగితే నీకు సగమే దొరికినట్టు."

అప్పటికే రెండు పీకేశాను. రెండూ నేల దగ్గరే విరిగాయి. మూడోదాన్ని ఆయనే గునపంతో చుట్టూ మట్టి తీసి చూపించాడు. మూర లోతు పోయినా కాడ అవ్వలేదు. నేలపైన వేలంత లావున్న కాడ కిందికి పోయేకొద్దీ సన్నగా, నల్లటి తోలు కట్టుకుని, తాడులా దిగుతూనే ఉంది. చివర్న చెదలు పెంచుకునే బూజు తోట కనిపించింది. బూడిదరంగు స్పాంజిలా ముడతలు ముడతలుగా ఉండి, మీద ఆవగింజల కన్నా చిన్న తెల్లటి ఉండలున్నాయి. వేరులా ఉన్న ఆ భాగం అక్కడికే అతుక్కుని ఉంది. చెదలు కర్రనూ ఆకునూ తిని కట్టుకున్న తోటలోంచి లేచేదే ఈ పుట్టకొక్కు. ఆ వేరు తెగకుండా దొరికిందా లేదా అన్నదాని మీద ప్రజాతి (దగ్గరి జాతులను కలిపిన గుంపు) పేరు ఆధారపడుతుందని పుస్తకంలో నేను చదివే ఉన్నాను. చేతికి తెలిసింది మాత్రం ఆ రోజే.

మిగతావాటికీ ఇదే నియమం. కాడను ఎప్పుడూ కోయకండి, మట్టితో సహా లేపండి. అమానిటా కాడ అడుగున సంచిలాంటిది మట్టిలో ఉండిపోతుంది. అది కనపడకపోతే విషపుదాన్ని మామూలుదనుకునే ప్రమాదం ఉంది. మొగ్గ దశలోవి, విచ్చుకున్నవి, ముదిరినవి అన్నీ రెండుమూడు చొప్పున తీసుకోండి. కొన్ని అక్కడే వదలండి.

ఆ సాయంత్రం

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని ముందు ఈ పనికే కూర్చోండి. టీ తర్వాత తాగవచ్చు.

మొదటి పని సిద్ధబీజాల ముద్ర. సిద్ధబీజాలంటే పుట్టకొక్కుకు విత్తనాల్లాంటివి, ఇంగ్లీషులో స్పోర్లు. బాగా విచ్చుకున్న ఒక గొడుగును కాడ నుంచి వేరుచేసి, మొప్పలు (గొడుగు అడుగున ఉండే పల్చటి రేకులు) కిందికి ఉండేలా కాగితం మీద పెట్టాలి. కాగితం సగం తెల్లగా, సగం నల్లగా ఉంటే మంచిది, ఎందుకంటే తెల్లటి ముద్ర తెల్ల కాగితం మీద కనపడదు. నేనైతే కాగితం పక్కన చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్క కూడా పెడతాను. తర్వాత మైక్రోస్కోప్ కింద చూడ్డానికి దాని మీంచి గీకితే సిద్ధబీజాలు సులువుగా వస్తాయి. పైన ఒక గిన్నె బోర్లించి కదపకుండా వదిలేయండి. నాలుగు గంటల్లో కొన్నింటికి వస్తుంది, కొన్నింటికి తెల్లవారాలి.

పొద్దున గిన్నె ఎత్తే క్షణం నాకు ఇప్పటికీ ఇష్టం. గొడుగును మెల్లగా లేపితే కింద సన్నటి గీతలు చక్రం ఆకుల్లా పరుచుకుని ఉంటాయి. మా పుట్ట మీది పుట్టకొక్కు మొప్పలు పాలలా తెల్లగా ఉన్నాయి కదా, ముద్ర కూడా తెల్లగానే వస్తుందనుకున్నాను. వచ్చింది లేత గులాబీ రంగు. వేలితో తాకితే పౌడర్ కన్నా మెత్తగా వేలి గీతల్లో నిలిచింది. మొప్పల రంగు చూసి ముద్ర రంగు ఊహించకూడదని అప్పుడే గట్టిగా మనసులో పడింది. పైన చెప్పిన క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ మొప్పలు కూడా మొదట్లో తెల్లగానే ఉంటాయి, ముద్ర మాత్రం ఆకుపచ్చ.

ముద్ర పడుతుండగా వర్ణన రాయండి. నా నోటుబుక్‌లో ఒక పేజీ ఎలా ఉంటుందో చూపిస్తాను: "నంబరు 88. గొడుగు 7 సెం.మీ., మధ్యలో మొనదేలిన గట్టి బుడిపె, బుడిపె గంధం రంగు, అంచుకు పోయేకొద్దీ పాలతెలుపు. అంచు రెండుచోట్ల చీలింది. మొప్పలు దగ్గర దగ్గరగా, కాడను తాకలేదు. కాడ నేలపైన 9 సెం.మీ., గట్టిగా, లోపల నిండుగా ఉంది. నేల కింద నల్లటి తోలు, 40 సెం.మీ. దాకా తవ్వాం. కాడ అడుగున సంచి లేదు. కోస్తే రంగు మారలేదు. వాసన: తడి పిండి." ఇంతే. "అందంగా ఉంది", "మామూలుగా ఉంది" లాంటి మాటలు ఎందుకూ పనికిరావు. గంధం రంగు అన్నది నాకు అర్థమవుతుంది కానీ ఇంకో దేశంలో చదివేవాళ్ళకు కాదు, కాబట్టి పక్కన రంగుల చార్టులో నంబరు కూడా వేస్తాను. చార్టు లేకపోతే పగటి వెలుగులో బూడిదరంగు అట్ట మీద స్కేలుతో సహా ఫొటో తీయండి.

ఒకదాన్ని నిలువుగా రెండు చెక్కలు చేయండి. చాకు పెట్టిన చోట రంగు మారుతుందేమో ఐదు నిమిషాలు చూడండి. మొప్పల బదులు రంధ్రాలుండే బొలీట్లలో కొన్ని కోయగానే నీలంగా మారతాయి. లాక్టేరియస్‌లో పాలు కారతాయి. ఆ పాలు మొదట ఏ రంగు, పది నిమిషాలకు ఏ రంగు అన్నది కూడా జాతిని వేరుచేసే గుర్తే. కాడ మీద ఉంగరం ఉందా, ఉంటే పైకీ కిందికీ కదులుతుందా, గొడుగు మీద పొలుసులు తుడిస్తే పోతాయా అన్నవి కూడా చూసి రాయండి.

రాయడం అయ్యాక ఆరబెట్టడం. ఇందులో నేను పడ్డ కష్టం మీరు పడకూడదు. వానాకాలం ఎండను నమ్మి కిటికీలో పెట్టినవి మూడోరోజుకు బూజు పట్టాయి. బూజు పట్టిందంటే మీ నమూనాలో ఇంకో శిలీంధ్రం చేరిందన్నమాట. ఇక దాని డీఎన్ఏ మీద నమ్మకం లేదు. పండ్లు ఆరబెట్టే డీహైడ్రేటర్ ఉంటే 40 నుంచి 45 డిగ్రీల మధ్య పెట్టి, అప్పడంలా విరిగేదాకా ఆరనివ్వండి. నా దగ్గర అది లేనప్పుడు చెక్కపెట్టెకు మధ్యలో ఇనుప జాలీ కొట్టించి, కింద 60 వాట్ల పాత రకం బల్బు వేలాడదీశాను. పైన మూత కాస్త తెరిచి ఉంచాలి, లేకపోతే ఆవిరి పోదు. ఇప్పటికీ నాకు అదే పెట్టె. ఆరబెట్టే ముందు, తాజాగా ఉండగానే, గొడుగు లోపలి కండలోంచి బియ్యపు గింజంత ముక్క శుభ్రమైన చాకుతో తీసి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న చిన్న డబ్బాలో వేయండి. డీఎన్ఏకి అది. ఫార్మలిన్‌లో మాత్రం వేయకండి, డీఎన్ఏ పాడవుతుంది.

ఎండినవాటిని జిప్ కవర్లో సిలికా జెల్‌తో, చీటీతో పెట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పురుగుల గుడ్లు చస్తాయి.

ప్రజాతి ఎలా పట్టుకోవాలి

జాతికి తొందరపడకండి, ముందు ప్రజాతి తేలాలి. నంబరు 88నే, అంటే ఆ పుట్ట మీదిదాన్నే, తీసుకుందాం. మొప్పలున్నాయి, కాబట్టి బొలీట్లు, కర్ర మీది గట్టి శిలీంధ్రాలు పక్కకు పోయాయి. ముద్ర గులాబీ రంగు. ఇక్కడికి మనకు తరచూ దొరికేవాటిలో నాలుగే మిగులుతాయి. ఎంటొలోమా అయితే మొప్పలు సాధారణంగా కాడకు అతుక్కుని ఉంటాయి, సిద్ధబీజాలు మూలలు తేలి ఉంటాయి. ప్లూటియస్ చాలామటుకు కుళ్ళిన కర్ర మీద వస్తుంది. వాల్వేరియెల్లా, అంటే మనం పెంచే వరిగడ్డి పుట్టగొడుగు ప్రజాతి, కాడ అడుగున పెద్ద సంచి ఉండాలి. మనదానికి సంచి లేదు, లోతైన వేరు ఉంది, అది చెదల తోటలోకి పోయింది. కాబట్టి టెర్మిటోమైసిస్. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజె హీమ్ 1942లో ఈ ప్రజాతిని ఏర్పరిచారు.

పుట్ట మీద వచ్చిందల్లా టెర్మిటోమైసిసే అనుకోకూడదు. రాయలసీమలాంటి ఎండిన నేలల్లో పుట్టల మీద పోడాక్సిస్ అని ఒకటి వస్తుంది. మూసిన గొడుగులా పొడుగ్గా ఉండి, విప్పితే లోపల నల్లటి పొడి. దానికీ దీనికీ చుట్టరికం దూరం.

మైక్రోస్కోప్ పని కాలేజీ ల్యాబ్‌లో చేయవచ్చు. నూనె వేసి చూసే 100 ఆబ్జెక్టివ్ కావాలి. ఎండిన మొప్పలోంచి కొత్త బ్లేడుతో పల్చటి ముక్క కోసి, 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో నానబెడితే మళ్ళీ ఉబ్బుతుంది. కాంగో రెడ్ అనే రంగు వేస్తే కణాల గోడలు ఎర్రగా తేలతాయి. అయోడిన్ ఉండే మెల్జర్ ద్రావణం దొరికితే ఇంకో స్లైడు చేయండి. అయోడిన్ తగిలి సిద్ధబీజాలు నీలినల్లగా మారతాయా, ఎర్రటి గోధుమరంగుకు వస్తాయా, ఏమీ కావా అన్నది చాలా ప్రజాతులను విడదీస్తుంది. ముద్రలోంచి తీసిన సిద్ధబీజాలను పక్కవాటంగా ఉన్నవే ఎంచుకుని కనీసం 30 కొలవండి. పొడవు, వెడల్పు మైక్రోమీటర్లలో, ఆ రెండింటి నిష్పత్తి కూడా. మొప్పల అంచున, పక్కగోడ మీద సిస్టీడియాలనే వేరే కణాలుంటే వాటి బొమ్మ గీయండి. ఫొటో ఉన్నా బొమ్మ గీయాల్సిందే. గీసేటప్పుడు చూసినంత శ్రద్ధగా కన్ను ఇంకెప్పుడూ చూడదు.

పాత పేర్ల మధ్య వెతుకులాట

అసలు టెన్షన్ ఇక్కడ మొదలవుతుంది. కొలతలు తెలిసిన జాతులతో సరిపోకపోతే కొత్తదని వెంటనే అనిపిస్తుంది. కానీ మన ప్రాంతపు పుట్టకొక్కులకు పేర్లు పెట్టడం ఎప్పుడో మొదలైంది. వేల సంఖ్యలో చిన్నగా లేచే టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్‌నే చూడండి. బర్క్లీ, బ్రూమ్ అనే ఇంగ్లండు పండితులు సిలోన్ నుంచి వచ్చిన నమూనాలు చూసి 1871లో అగారికస్ మైక్రోకార్పస్ అని పేరు పెట్టారు. హీమ్ దాన్ని టెర్మిటోమైసిస్‌లోకి మార్చారు. 150 ఏళ్ళ కింద వేరే ప్రజాతి పేరుతో ఎక్కడో అచ్చయిన జాతిని మీరు మళ్ళీ కొత్తగా ప్రకటిస్తే అది నిలవదు. ఇండెక్స్ ఫంగోరమ్, మైకోబ్యాంక్ వెబ్‌సైట్లలో ఆ ప్రజాతి కింద ఉన్న పేర్లన్నీ, పాత పేర్లతో సహా, ఒక చోట రాసుకోండి. ఒక్కొక్కదాని అసలు వర్ణన చదవండి. పాత సంపుటాలు చాలావరకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. ఇందుకు నాకు నెలలు పట్టింది.

నా నంబరు 88 చివరికి కొత్తది కాలేదు. మద్రాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కె. నటరాజన్ 1979లో వర్ణించిన టెర్మిటోమైసిస్ హీమియై అని తేలింది. ఆ రోజు బాధపడ్డాను. తర్వాత ఆయన వర్ణననూ నా పేజీనీ పక్కపక్కన పెట్టి చదివితే, నేను చూసిన గుర్తులే ఆయనా చూశారని తెలిసి, పని సరిగ్గానే చేశానన్న ధైర్యం వచ్చింది.

డీఎన్ఏ ఎంతవరకు

శిలీంధ్రాలను గుర్తించడానికి ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని బార్‌కోడ్‌గా 2012లో ప్రతిపాదించారు. సుమారు 500 నుంచి 700 అక్షరాల పొడవుంటుంది. ల్యాబ్‌కు పంపితే సీక్వెన్స్ వస్తుంది. దాన్ని జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ సీక్వెన్సుల భండారంలో పోల్చి చూస్తే దగ్గరివి వరుసగా కనిపిస్తాయి. 97 శాతం కన్నా తక్కువ కలిస్తే కొత్త జాతని చాలామంది అనుకుంటారు. అది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. కొన్ని ప్రజాతుల్లో వేరువేరు జాతులు 99 శాతం కలుస్తాయి. పైగా జెన్‌బ్యాంక్‌లో సీక్వెన్సుకు తగిలించిన పేరు ఎక్కించినవాళ్ళు పెట్టిందే, అది తప్పయి ఉండవచ్చు. ఆ జాతి మూల నమూనా (పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపినది) నుంచి తీసిన సీక్వెన్స్ ఉందేమో చూడండి. ఐటీఎస్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా ఇంకో రెండు జన్యువులు కూడా చదివించి, దగ్గరి జాతులన్నిటితో వంశవృక్షం గీయాలి. ఇది ఒంటరిగా అయ్యే పని కాదు. యూనివర్సిటీలో చేసేవాళ్ళతో కలవండి, మీ నోటుబుక్ మీ వంతు.

ఒక హెచ్చరిక. ఒకసారి నేను నమూనా మొత్తం ప్యాకెట్‌ను ఒక ల్యాబ్‌కు పంపాను. సీక్వెన్స్ రాలేదు, ప్యాకెట్ కూడా తిరిగి రాలేదు. ఎన్ని ఫోన్లు చేసినా దొరకలేదు. రెండు వానాకాలాల కష్టం అది. అప్పటి నుంచి బియ్యపు గింజంత ముక్కే పంపుతున్నాను, మిగతాది నా దగ్గరే ఉంటుంది.

పేరు పెట్టడం

నిజంగా కొత్తదని తేలితే నియమాలున్నాయి. శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల పేర్లకు ఒకే అంతర్జాతీయ నియమావళి. 2012 నుంచి వర్ణన లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి, అంతకుముందు లాటిన్ ఒక్కటే. తెలుగులో రాస్తే చెల్లదు, ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. 2013 నుంచి మైకోబ్యాంక్ లాంటి రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేసి, వచ్చిన గుర్తింపు సంఖ్యను పత్రంలో వేయాలి. ఒకే ఒక్క నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు మూల నమూనాగా చూపించి, అది ఏ హెర్బేరియంలో (ఎండు నమూనాలు దాచే చోటు) ఉందో చెప్పాలి. ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ శిలీంధ్ర హెర్బేరియం, హౌరాలో సెంట్రల్ నేషనల్ హెర్బేరియం, పుణెలో అజ్రేకర్ హెర్బేరియం ఇలాంటివే. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కూడా కొత్త జాతి కనుక్కున్నవాళ్ళు ప్రభుత్వం నిర్దేశించిన సంస్థకు తెలియజేసి, నమూనాను అప్పగించాలి. కాలేజీ అల్మారాలో పెట్టుకుని ఊరుకోవడానికి లేదు. నమూనాను విదేశానికి పంపాలన్నా అనుమతులు తీసుకోవాలి.

పత్రికలో వార్త వచ్చినా, ఫేస్‌బుక్‌లో పెట్టినా పేరు పుట్టినట్టు కాదు. శాస్త్ర పత్రికలో అచ్చు కావాలి. మన దేశంలో శిలీంధ్ర శాస్త్ర సంఘం నడిపే పత్రిక పేరు 'కవక', సంస్కృతంలో శిలీంధ్రమనే అర్థం. పేరులో రెండో మాట ప్రజాతి లింగానికి సరిపోవాలి. టెర్మిటోమైసిస్ పుంలింగం, కాబట్టి ఊరి పేరు పెడితే చివర 'ఎన్సిస్' అని వస్తుంది. సొంత పేరు ఎవరూ పెట్టుకోరు, అది మర్యాద. నాకెప్పుడైనా అవకాశం వస్తే ఊరి పేరే పెడతాను. పశువులు కాసే తాతల పేర్లు కాగితాల్లోకి ఎక్కకపోయినా, వాళ్ళ ఊరైనా ఎక్కాలి.

నా సొరుగులో నంబరు 212 ఉంది. టేకు ఆకు ఈనె మీద వచ్చే మెరాస్మియస్. గొడుగు కందిగింజంత, చింతగింజ రంగు, కాడ గుర్రపు వెంట్రుకలా నల్లగా ఉంటుంది. మూడు వానాకాలాల్లో మూడుసార్లు తెచ్చాను. నాకు దొరికిన ఏ వర్ణనతోనూ కలవలేదు. సిద్ధబీజాల ముద్ర మాత్రం ఒక్కసారే వచ్చింది, అదీ పల్చగా, 11 మాత్రమే కొలవగలిగాను. ఇంకో 19 కావాలి. పునర్వసు కార్తె మొదలైన మొదటి ఆదివారం అదే వాగు ఒడ్డుకు వెళ్తున్నాను. ఈసారి గొడుగులు వాడిపోకుండా బొట్లాల్లో తడి నాచు పెట్టుకుని, చిన్న గాజు మూతలు కూడా తీసుకెళ్తున్నాను, ముద్ర అక్కడే మొదలుపెట్టడానికి.